నీడమింగి ఉందా, లేదా?

సేఫ్టీ ఆఫీసరుగా పనిచేసి రిటైరైనవాడు జ్ఞాపకాలు రాస్తానంటే నాకే నవ్వొస్తుంది. ఏమీ జరగకుండా చూడటమే మా ఉద్యోగం. దాన్ని బాగా చేసినవాడికి చెప్పుకోడానికి ఏమీ మిగలదు. చెప్పుకోడానికి బోలెడన్ని ఉన్నవాడు సరిగ్గా చెయ్యలేదన్నమాట. నేను మధ్యరకం. అందుకే నా దగ్గర చెప్పదగ్గ సంగతి ఒక్కటే ఉంది, అందులోనూ కథానాయకుణ్ణి నేను కాను. మా మిల్లులో క్రేన్ నడుపుతూ జానపద నవలలు రాసిన ఒకాయన.

ప్లాంటులో కొత్తగా చేరిన పిల్లలు సేఫ్టీ ట్రైనింగులో నిద్రపోతున్నారని ఈమధ్య ఎవరో వాపోయారు. మా రోజుల్లోనూ పోయేవారు. ట్రైనింగిచ్చేది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు. ఆ నిద్రపోయే పిల్లల కోసమే ఇది రాస్తున్నాను.

ఆయనది శ్రీకాకుళం వైపు. తండ్రి ఛత్తీస్‌గఢ్‌లో ఈ ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఈయన ప్లాంటు కాలనీలో, సెక్టర్ 4 క్వార్టర్లో పెరిగి, అక్కడే పెళ్ళిచేసుకుని, అక్కడే కూర్చుని మాంత్రికుల్నీ, కాళ్ళొచ్చి నడిచిపోయే కోటల్నీ, తుమ్మితే ఊళ్ళు ఎగిరిపోయే రాక్షసుల్నీ పుట్టించాడు. కొన్నాళ్ళు తెలుగు వారపత్రికల్లో సీరియల్స్ వచ్చాయి. తరువాత ఆ పత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. తన సీరియల్స్ ఆపేసిన పాపానికే మూతపడ్డాయని ఆయన నమ్మకం. తెలుగులో జానపదం రాయడం తెలిసినవాళ్ళు ఇద్దరేనని చెప్పేవాడు. ఆ రెండోవాడెవరని అడిగితే, "ఆయన పోయాడు లెండి" అనేవాడు.

మిల్లులో అందరూ ఆయన్ని కహానీ భయ్యా, అంటే కథలన్నయ్య, అనేవారు. మంచివాడే గాని వినయం అనే వస్తువు ఆయన దగ్గర ఉండేది కాదు. పైకప్పు దగ్గర వేలాడే క్రేన్ క్యాబిన్‌లో కూర్చుని, కింద నుంచి సిగ్నల్ వచ్చేవరకూ కథలు అల్లుకునేవాడు. "పైనుంచి సూస్తే పెద్దసారుకీ ఠేకా కూలీకీ తేడా ఏటుంటది సారూ, హెల్మెట్ రంగు తప్ప" అని ఓసారి నాతో అన్నాడు. ఆ తుమ్మే రాక్షసుడు మా షిఫ్టు మేనేజరే. ఆ కథ ఎవరో ఆ మేనేజరుకే చదివి వినిపిస్తే, "ఇలాంటి మొగుడు ఏ ఆడదానికీ వద్దు" అని జాలిపడ్డాడట.

ఇక నా బాధ. మా మిల్లులో ఇనుప తీగని చుట్టలు చుట్టలుగా కట్టి, క్రేన్‌తో ఎత్తి, బే, అంటే పొడుగాటి షెడ్డు, ఈ చివర నుంచి ఆ చివరకి చేరుస్తారు. ఒక్కో చుట్ట బరువు మీద పడితే మనిషి గురించి ఇంట్లోవాళ్ళకి చెప్పడానికి కూడా ఏమీ మిగలదు. అలాంటి చుట్ట గాలిలో వేలాడుతుంటే దాని కిందనుంచి జనం తాపీగా నడిచేవారు. కారణం పెద్దదేం కాదు. కాంటీన్‌కి అది దగ్గరి దారి. నేను పోస్టర్లు పెట్టించాను. జరిమానాలు వేయించాను. "ఇంటి దగ్గర మీవాళ్ళు ఎదురుచూస్తున్నారు" అని హిందీలో పెద్ద బోర్డు రాయించాను. వేలాడే చుట్ట కింద నిలబడి ఆ బోర్డుని చదివేవారు.

ఒకరోజు ఉదయం షిఫ్టులో, చుట్టని కొక్కేనికి వేలాడదీసే స్లింగు నిజంగానే జారింది. చుట్ట కింద పడింది. దాని కిందనుంచి ఒక ఠేకా రిగ్గరు, అంటే క్రేన్ కొక్కేనికి బరువులు తగిలించే కాంట్రాక్టు కుర్రవాడు, అప్పుడే అవతలికి దాటాడు. చేతిలోంచి జారిన టిఫిన్ డబ్బా మాత్రం అక్కడే ఉండిపోయింది. మేం పరుగెత్తి చూస్తే డబ్బా కాగితంలా అయిపోయింది. వాడు దాన్నే చూస్తూ, "ఇస్‌మే భిండీ థా సాబ్" అని నాకు ఫిర్యాదు చేశాడు. వాడికింకా భయం తెలియలేదు. బెండకాయ కూర పోయిందన్న బాధే తెలిసింది.

భయం పైవాడికి తెలిసింది. కహానీ భయ్యా క్యాబిన్ నుంచి దిగి వచ్చి నా గదిలో కూర్చున్నాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు.

"నా సేతిలోంచి పడింది సారూ."

"నీ తప్పు కాదయ్యా. స్లింగు జారింది. వాడు అక్కడ నడవకుండా ఉండాల్సింది."

"ఎందుకు నడవడు? మీరు పెట్టిన బోర్డు సూస్తే నాకే నిద్రొస్తంది. సచ్చిపోతారంటే ఎవడు బయపడతాడు, ఎలాగూ సచ్చిపోతారని అందరికీ తెలుసు. తెలీనిది ఏటైనా సెప్పాల. నాకు ఒగ్గేయండి."

నేను జానపదాలు చదివేవాణ్ణి కాను. నా చదువంతా రూల్సూ, సర్క్యులర్లూ. కాని ఆరోజు ఆ టిఫిన్ డబ్బా నా టేబుల్ మీదే ఉంది. సరే కానివ్వమన్నాను.

ఆ వారంలోనే మిల్లు వాట్సాప్ గ్రూపులో ఆయన గొంతు వినిపించింది. ముందు తెలుగులో చెప్పి, తర్వాత తను సొంతంగా తయారుచేసుకున్న హిందీలో చెప్పాడు. నీడమింగి అని ఒక రాక్షసి. దానికి గుహ లేదు, కోట లేదు. గాలిలో వేలాడే బరువుకీ, కింద నేలకీ మధ్య ఉండే ఖాళీయే దాని ఇల్లు. దాని నాలుక సెక్టర్ 4 నుంచి క్యాంప్ 2 దాకా పరుచుకుంటుంది. మనిషిని తినదు. నీడని మింగుతుంది. నీడ పోయినవాడు చావడు, మామూలుగానే తిరుగుతాడు. కాని వాడి గేట్ పాస్ మీద ఫొటో చెరిగిపోతుంది. ఇంటికెళితే పెంపుడు కుక్క మొరుగుతుంది. భార్య తలుపు తీసి, "ఎవరు కావాలి?" అని అడుగుతుంది. తండ్రి నీడని దాని కడుపులోంచి తెచ్చేందుకు ఒక రాకుమారుడు బయలుదేరడం తరువాతి భాగాల్లో.

మొదటి భాగాన్ని ఆ "ఎవరు కావాలి?" దగ్గరే ఆపేశాడు. మర్నాడు క్యాంప్ 2 నుంచి వచ్చే ఠేకా మనుషులందరూ కాంటీన్‌కి చుట్టూ తిరిగి వెళ్ళారు.

నెల తిరిగేసరికి గ్రూపులో మా మిల్లు వాళ్ళేగాక పక్క మిల్లుల వాళ్ళు, వాళ్ళ బావమరుదులు, రుఆబాంధా పేటలో సమోసాలమ్మే ఆయన కూడా చేరారు. బరువు కింద ఒక్కడు నడిస్తే ఒట్టు. నేను పైవాళ్ళకి రిపోర్టు పంపాను. అందులో నీడమింగి మాట లేదు. "కార్మికుల ప్రవర్తనలో గణనీయమైన మార్పు" అని రాశాను. శభాష్ అన్నారు. ఆ శభాష్‌ని ఆయనతో పంచుకోలేదు. ఆయన దగ్గర అప్పటికే చాలా ఉంది.

కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నీడమింగి ఆగలేదు. బేలో ఒక స్తంభానికి ఎవరో నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. తరువాత ఆ స్తంభానికి కుంకుమ బొట్టు వచ్చింది. టిఫిన్ డబ్బా కుర్రవాడికి జ్వరమొస్తే, వాడి నీడ కొంచెం పలచబడటం చూసినవాళ్ళున్నారు. ఒక సోమవారం ఉదయం రిగ్గర్లందరూ గేటు దగ్గర కూర్చుని, పూజ చేయిస్తేగాని బేలోకి రామన్నారు. చుట్టలు కదలక పేరుకుపోయాయి. మిల్లు ఆగింది. మిల్లు ఆగితే ఫోన్లు మోగుతాయి.

పెద్దసారు వచ్చారు. మా మిల్లులకి జనరల్ మేనేజరుగా కొత్తగా వచ్చినాయన. చదువుకున్నవాడు, విజ్ఞానశాస్త్రం మీద గురి ఉన్నవాడు, తన గొంతు మీద ఇంకా ఎక్కువ గురి ఉన్నవాడు. రిగ్గర్లని బేలోకి పిలిపించి, బరువు వేలాడే చోటుకి హద్దుగా నేల మీద గీసిన గీతకి ఇవతల వరసగా నిలబెట్టారు. పైన క్యాబిన్‌లో మన కహానీ భయ్యా. కొక్కేనికి ఒక చుట్ట వేలాడుతోంది. మూఢనమ్మకాల గురించి హిందీలో ఉపన్యాసం మొదలైంది. అది ఊపందుకుని, "చూడండి, నేనే వెళ్ళి నిలబడతాను, నా నీడ ఎవరు మింగుతారో చూద్దాం" అని ఆయన చరచరా నడిచి చుట్ట కిందికి వెళ్ళారు.

వెంటనే పైనుంచి హారన్ మోగింది. క్రేన్ హారన్ అంటే స్కూటర్ హారన్ కాదు, పళ్ళు కదులుతాయి. పెద్దసారు నోరు కదులుతోంది, మాట వినపడటం లేదు. చెయ్యి పైకెత్తి ఆపమన్నారు. అది ఆగలేదు. నావైపు తిరిగి సైగ చేశారు. నేను గీత దగ్గరకెళ్ళి నిలబడ్డాను. గీత దాటలేదు, ఎందుకంటే అవతల చుట్ట ఉంది.

"ఆపమనండి వాణ్ణి," అని అరిచారు.

"మీరు ఇవతలికి వస్తే ఆపుతాడు సర్. బరువు కింద మనిషి ఉంటే హారన్ ఆపకూడదని రూలు."

"ఎవరు పెట్టారు ఆ రూలు?"

"పోయిన నెల తమరే సంతకం చేశారు సర్."

ఈ మాట ధైర్యంతో అన్నానని మీరనుకుంటే నాకు అభ్యంతరం లేదు. నిజానికి ఆ హారన్ మోతలో ఇంకేమీ తోచలేదు. ఆయన నన్నొకసారి, చుట్టనొకసారి చూసి, ఇవతలికి వచ్చేశారు. హారన్ ఆగింది. చుట్ట పడలేదు. ఆరోజు అక్కడ ఏమీ పడలేదు. ఎవరూ నవ్వలేదు కూడా, ఆయనకి అదే ఎక్కువ బాధనిపించి ఉండాలి.

రిగ్గర్లలో పెద్దవాడు ఒకడున్నాడు, ఛత్తీస్‌గఢ్ పల్లె మనిషి. అందరికీ వినపడేలా, "పెద్దసారే తిరిగొచ్చేశాడంటే అది ఉన్నట్టే కదా" అని వాళ్ళ భాషలో తేల్చేశాడు. కాని ఒక సంగతి గమనించారు వాళ్ళు. హారన్ మోగుతున్నంతసేపూ అది ఎవరినీ ముట్టుకోలేదు. కాబట్టి పైన కహానీ భయ్యా ఉండగా భయం లేదు. పూజ అడగకుండానే పనిలోకి దిగారు. మిల్లు నడిచింది. విజ్ఞానశాస్త్రం ఆఫీసుకి వెళ్ళిపోయింది.

విచారణ తప్పలేదు. ముగ్గురు ఆఫీసర్లు ఒకపక్క, ఆయన ఎదురుగా, నేను సాక్షిగా మూల కుర్చీలో. మధ్యలో కూర్చున్న ఆఫీసరు సూటిగా అడిగాడు.

"నీడమింగి ఉందా, లేదా? ఒక్క మాటలో చెప్పు."

కహానీ భయ్యా కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఉందని సెప్తే మూడనమ్మకం పెంచేనంటారు. లేదని సెప్తే ఆ మాట రేపు బయటికి పాకుద్ది, ఎల్లుండి నుంచి మళ్ళీ కింద నడుస్తారు. రెండిట్లో ఏది రాసుకుంటారో మీరే సెప్పండి. నాను సంతకం పెడతాను."

రాసుకునే కలం చాలాసేపు గాలిలోనే ఉండిపోయింది. తర్వాత ఆ ముగ్గురూ నావైపు తిరిగి, ఈ కథలు ఆయన సొంతంగా మొదలుపెట్టాడా, ఎవరైనా చెప్పారా అని అడిగారు. నాకప్పుడు ప్రమోషన్ దగ్గరలో ఉంది. మా ఆవిడ కొత్త క్వార్టర్లో కర్టెన్ల రంగు కూడా ఎంచుకుంది. "నేనే చెప్పమన్నాను" అన్నాను. ఆ కర్టెన్లు మేం ఎప్పటికీ కొనలేదు.

ఆయన ఉద్యోగం పోలేదు గాని క్రేన్ దిగాల్సి వచ్చింది. స్టోర్సుకి పంపారు, బోల్టులూ బేరింగులూ అరల్లో సర్దే పనికి. దాంతో కథ ఆగిపోయింది. అప్పటికి రాకుమారుడు నీడమింగి నాలుక మీద సగం దూరం నడిచాడు. వెనక్కి రాలేడు, ముందు గొంతు. గ్రూపులో రోజూ అడిగేవారు, "ఆగే క్యా హువా భయ్యా?" అని, తరువాతేమైందని. నేను వెళ్ళి అడిగాను.

"అక్కడ పైనుంటే మనుషులు సిన్నగా కనపడేవారు సారూ. సిన్న మనుషుల పక్కన రాక్షసుల్ని నిలబెట్టడం సులువు. ఇక్కడ అందరూ నా ఎత్తే ఉన్నారు."

ఆయన రిటైరయ్యాడు. ఆ తర్వాత నేనూ అయ్యాను. పోయిన చలికాలంలో ఆయన గుండె ఆగి పోయాడు. గ్రూపులో దండం పెట్టే బొమ్మలు వరదలా వచ్చాయి. వాటి మధ్యన ఎవరో మళ్ళీ, "అయితే రాకుమారుడి సంగతేంటి?" అని అడిగారు. కొందరు తిట్టారు. మిగతావాళ్ళు కూడా అదే అనుకుంటున్నారని నా అనుమానం.

తెలుగువాళ్ళ సంఘం సంతాపసభ పెట్టింది. వేదిక వెనక ఫ్లెక్సీ మీద ఆయనకి చక్రవర్తి బిరుదు ఇచ్చారు. బతికున్నప్పుడు ఇచ్చి ఉంటే ఆయన, చక్రవర్తి ఏటి, సార్వభౌముడని మార్చమనేవాడు. ఆయన పుస్తకాల కోసం ఊరంతా వెతికినా ఒక్క ప్రతీ దొరకలేదు. అయినా ముఖ్య అతిథి వాటిలోని అంతరార్థం గురించి చాలాసేపు మాట్లాడారు. తరువాత యువతరం తెలుగు చదవడం లేదని ఒకరు బాధపడ్డారు. తను కూడా ఈయన పుస్తకం ఒక్కటీ చదవలేదని ఆయన చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన కూతుర్ని మాట్లాడమన్నారు. ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి, స్కూల్లో పాఠాలు చెబుతుంది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు.

"నాన్న పుస్తకాలు నేను చదవలేదు. నాకు తెలుగు అక్షరాలు రావు. సచ్ బోలూ తో, నిజమే చెప్తున్నా, వినలేదు కూడా. ఇంట్లో నాన్న కథ మొదలుపెడితే మేం ఫోన్లు చూసుకునేవాళ్ళం. ఇప్పుడు వినాలనిపిస్తోంది. చెప్పేవాళ్ళు లేరు."

అధ్యక్షుడు ముగింపు మాటలకోసం గొంతు సవరించుకుంటుండగా, వెనక వరసల్లో కూర్చున్నవాళ్ళలో ఒకడు లేచాడు. మిల్లు ఠేకా మనుషులు ఎప్పుడొచ్చారో, వెనకంతా వాళ్ళే ఉన్నారు. లేచినవాడు ఆ టిఫిన్ డబ్బా కుర్రవాడే. ఇప్పుడు మీసాలొచ్చాయి, పెళ్ళయింది, పక్కన భార్యా ఉంది.

"దీదీ, హమ్ సునే హై. మేం విన్నాం, మేం చెప్తాం," అన్నాడు హిందీలో.

అలా మొదలైంది. వాడు నీడమింగి పుట్టుక చెప్పాడు. మధ్యలో ఒకడు లేచి, నాలుక రంగు నలుపు కాదు నీలమని సరిదిద్దాడు. ఇంకొకడు "ఎవరు కావాలి?" దగ్గర ఆయన గొంతుని అచ్చంగా దింపాడు. రాకుమారుడు నాలుక మధ్యకి వచ్చేసరికి అందరూ ఆగి కూతురి వంక చూశారు. ఆమె, మీరే చెప్పండన్నట్టు చెయ్యి ఊపింది. అప్పుడు తలా ఒక ముగింపు చెప్పారు. ఒకరి రాకుమారుడు దాని నాలుక కోశాడు, ఇంకొకరి రాకుమారుడు దాన్ని పెళ్ళాడాడు. కుర్రవాడి భార్య, రాకుమారుడు లోపలికి వెళ్ళి ఎవరి నీడలు వాళ్ళకి పంచిపెట్టాడంది. ఒకాయన రాకుమారుణ్ణి తాడుతో పైకి లాగేశాడు. అంత పొడుగు తాడు మనిషి బరువుని ఆపదని నేను లేచి అడ్డం చెప్పాను. నేనెందుకు లేచానో నాకే తెలియదు. ముఖ్య అతిథి ఎప్పుడు వెళ్ళిపోయారో ఎవరూ చూడలేదు. అధ్యక్షుడు గంట కొడుతూనే ఉన్నాడు. తండ్రి పోయాక ఆ అమ్మాయి నవ్వడం నేను అప్పుడే చూశాను.

బయటికి వచ్చాక ఆమె నా స్కూటర్ దగ్గరకి వచ్చింది.

"అంకుల్, నాన్న మనసులో ఏ ముగింపు ఉండేదో మీకు తెలుసా?"

తెలుసు. స్టోర్సులో ఆయన ఆఖరి రోజుల్లో నాకు చెప్పాడు. హాల్లో అందరూ ముగింపు గురించి కొట్టుకుంటున్నప్పుడు నేను దాన్ని దిగమింగుకుని కూర్చున్నాను. దానికి కారణముంది. ఆమెకి మాత్రం చెప్పాను.

రాకుమారుడు గొంతు దాకా వెళ్ళి చూస్తే, లోపల నీడలన్నీ భద్రంగా ఉన్నాయి. దానికి ఆకలి లేదు, ఎప్పుడూ లేదు. బరువు కింద పడి నలిగిపోయేలోపు వాటిని పట్టి దాచిపెట్టింది. నీడలన్నిటినీ తిరిగిచ్చేసి, రాజుగారి కొలువులో చేరింది. రోజూ కోట గేటు దగ్గర నిలబడుతుంది. లోపలికెళ్ళినవాడు బయటికి వచ్చేటప్పుడు నీడతో సహా వస్తున్నాడో లేదో చూస్తుంది. అంతే.

ఇదేం ముగింపయ్యా, రాక్షసికి గేటు దగ్గర ఉద్యోగమేంటి అన్నాను ఆయనతో. "ఇన్నేళ్ళూ మీరు సేసింది అదే కదండీ" అన్నాడు, అరలో బోల్టులు సర్దుకుంటూ.

ఆ అమ్మాయి నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, "నీడమింగి ఆడది కదా అంకుల్, మరి మీకు బట్టతల," అంది. ఆయన కూతురే, సందేహం లేదు.

ఎవరికీ చెప్పొద్దన్నాను. ఆ వారమే గ్రూపులో ఆమె గొంతుతో, మంచి హిందీలో ఆఖరి భాగం వచ్చింది. ఏదీ దాచలేదు, ఆ గేటు దగ్గర నిలబడేది నేనేనన్న సంగతి కూడా.

మొన్న రుఆబాంధా దగ్గర సిగ్నల్లో ఆగాను. పక్కన మోటారుసైకిల్ మీద ఇద్దరు కుర్రాళ్ళు, మిల్లుకి వెళుతున్నట్టున్నారు. వాళ్ళని నేనెన్నడూ చూడలేదు. వెనకవాడు నన్ను చూసి ముందువాడి వీపు మీద తట్టాడు.

"అరే, నీడామింగీ అంకుల్."

ముందువాడు గబుక్కున అద్దానికి తగిలించి ఉన్న హెల్మెట్ తీసి నెత్తిన పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు సిగ్నల్ వంక చూశాడు.

"గడ్డం కింద బెల్టు కూడా పెట్టుకో," అన్నాను.